తెరకు దుబాసీ

డ్రైవరనగా బండి తోలువాడని మనకందఱకును తెలిసినదే. కంప్యూటరులోని డ్రైవరు మనుష్యుడు కాడు. యంత్రభాగమునకును విండోసునకును నడుమ మాటలు చేరవేయు చిన్న ప్రోగ్రాము. నన్నడిగినచో దానికి దుబాసీయను పేరే తగును. తెరమీద బొమ్మలను నిలుపు భాగమునకు గల దుబాసీయే గ్రాఫిక్సు డ్రైవరు. అది పాతబడినను, చెడినను, తెర మినుకుమినుకుమనును, వీడియోలు తడబడును, ఒక్కొక్కప్పుడు యంత్రమే నిలిచిపోవును.

విండోసు తనంతట తానే క్రొత్త డ్రైవరును తెచ్చుకొనుట కలదు. అయినను తయారీదారు వెలువరించినది వెంటనే దానికి అందకపోవచ్చును. అప్పుడు మనమే మార్చుకొనవలయును. ఇది మనుమల పని గదాయని పెద్దలనవచ్చును. యంత్రము కొన్న సొమ్ము మనదే గనుక కొంత తెలిసియుండుట మేలు.

మొదట ఉన్నదేదో చూడవలయును. విండోసు గుర్తుగల మీటను ఎక్స్ మీటతో కలిపి నొక్కి, డివైస్ మేనేజరును తెఱచి, డిస్‌ప్లే అడాప్టర్సు క్రింద చూచినచో, ఆ భాగము ఇంటెలు వారిదో, ఎన్విడియా వారిదో, ఏఎండీ వారిదో కనబడును. దానిని రెండుమార్లు నొక్కి డ్రైవరు అను పుటకు పోయినచో తేదీయు సంఖ్యయు నుండును. వానిని కాగితముమీద వ్రాసికొనుడు. తెర నల్లబడిన పిమ్మట చూతమన్న దొరకవు. క్రొత్తదానిని ఆ తయారీదారు సొంత వెబ్‌సైటునుండియే దింపుకొనవలయును. ల్యాప్‌టాపైనచో దానిని చేసిన కంపెనీవారి సైటును ముందు చూడవలయును. డ్రైవర్లను మేమే వెదకి పెట్టెదమని పిలుచు ప్రకటనలలో మోసపువి కలవు. వాని జోలికి పోరాదు. మార్చునప్పుడు తెర కొన్ని క్షణములు ఆరి వెలుగును. భయపడి యంత్రమును ఆపరాదు. యూపీఎస్ లేని యింట కరెంటు పోవు వేళ ఈ పని పెట్టుకొననే కూడదు.

క్రొత్తదెల్ల మంచిదని నేననను. 2010 మార్చిలో ఎన్విడియావారు 196.75 సంఖ్యగల డ్రైవరును వెలువరించిరి. కొందఱి యంత్రములలో పంకా సరిగా తిరుగక కార్డులు మితిమీరి వేడెక్కినవని ఫిర్యాదులు రాగా, దానిని ఉపసంహరించి, పాతదానికి మరలుడని చెప్పవలసివచ్చినది. కావున భద్రతాలోపమును సవరించునది తప్ప, తెర బాగున్నంతకాలము తొందరపడనక్కఱలేదు.

మరలుటకు దారి అదే పుటలోనున్నది: రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీట. అది మసకగా నున్నచో వెనుకటి డ్రైవరు అందు నిలువలేదని తెలియవలయును; అప్పుడు కాగితముమీది సంఖ్య పనికివచ్చును. తెర బొత్తిగా రానిచో సేఫ్ మోడ్ అను పద్ధతిలో తెఱువవలయును. విండోసు ఆ డ్రైవరును విడిచి, తనవద్దనుండు సామాన్యమైన దానితో తెరను వెలిగించును. మీ ఫొటోలును, పొలము కాగితముల ప్రతులును వేఱొకచోట, డిస్కులో నుండును గనుక, దుబాసీ తడబడినంతమాత్రమున అవి నశింపవు.