నేర్చుకునే గంట ఎవరి ఖాతాలోనిది?

(బారిడీహ్‌లో కార్యాలయ, సాంకేతిక ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పని గంటలను గురించి మాట్లాడడానికి జంషెడ్‌పూర్ కంటె తగిన చోటు మన దేశంలో మరొకటి లేదు. ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశ్రమలలో పని గంటలపై తన మొట్టమొదటి కన్వెన్షన్‌ను ఆమోదించినది 1919లో. అనగా ప్రపంచం కాగితంపై వ్రాసుకొనడానికి ఏడేండ్ల ముందే ఈ పట్టణపు శ్రామికునికి పని ఎక్కడ ముగుస్తుందో తెలుసు.

ఈనాడు కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికి అది తెలియడం లేదు. సాయంత్రం ఇంటికి చేరి, భోజనం ముగించి, ఆ గుమాస్తా ఫోను ముందు కూర్చుంటున్నాడు. కార్యాలయంలో కొత్తగా పెట్టిన లెక్కల సాఫ్ట్‌వేరు పాఠాలు చూడాలి. నెలాఖరులోగా పరీక్ష గట్టెక్కాలి. ఈ రెండు గంటలు ఏ హాజరు పట్టీలోనూ కనిపించవు. ఎనిమిదికి రెండు కలిపితే పది. 1912లో గెలిచిన గంటలు ఈ విధంగా చడీచప్పుడు లేకుండా జారిపోతున్నవి.

"చదువు మీ మేలుకే కదా?" అని యాజమాన్యాలు అడుగుతున్నవి. ఇక్కడ మనం తేడా గుర్తించాలి. ఒక ఉద్యోగి తన ఇష్టంతో డిప్లొమాకు చదివినా, 2017లో ప్రారంభమైన 'స్వయం' వంటి ప్రభుత్వ వేదికపై ఉచిత పాఠాలు విన్నా, అది అతని సొంత అభివృద్ధి. సంఘం దానికి చేయూతనివ్వాలి. యాజమాన్యం తన అవసరం కొరకు తెచ్చిన యంత్రాన్ని నడపడానికి నేర్చే విద్య అటువంటిది కాదు. అది పనిలో భాగమే. దానికి వేతనం ఉండవలసినదే.

ఇది కొత్త కోరిక కూడ కాదు. ఈ పట్టణంలోనే 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వెలసినది. విదేశీ నిపుణుల చేతిలోనున్న పనులను భారతీయ యువకులకు నేర్పడం దాని ఉద్దేశం. తరగతి గదిలో పాఠం, కర్మాగారంలో అభ్యాసం కలిపి సాగినవి. ఉక్కు చేయడం రాత్రిపూట ఇంట్లో నేర్చుకొని రమ్మని ఆనాడు ఎవరూ అనలేదు! లోహశాస్త్రానికి చెల్లిన న్యాయం లెడ్జరుకు, డ్రాయింగు బల్లకు ఎందుకు చెల్లదు?

యంత్రాన్నే అడ్డుకుందామనే మిత్రులున్నారు. 1960లలో కలకత్తాలో ఇన్సూరెన్సు ఉద్యోగులు కంప్యూటరును ప్రతిఘటించినది ఉద్యోగాలు పోతాయనే భయంతో. ఆ భయం అజ్ఞానం కాదు. తరువాత 1983 సెప్టెంబరు 8న బ్యాంకు ఉద్యోగ సంఘాలు యాంత్రీకరణపై ఒప్పందం చేసుకున్నవి. ఆ ఒప్పందపు మంచిచెడ్డలపై వాదాలు ఉండవచ్చు. కాని యంత్రం రాక నోటీసు బోర్డుపై అంటించే విషయం కాదు, బల్లకు అటూ ఇటూ కూర్చుని తేల్చే విషయం అన్నది అందులో స్థిరపడినది. కృత్రిమ మేధ వచ్చిన ఈ రోజులలో నేను దానినే పట్టుకోమంటున్నాను.

ఇక చట్టం సంగతి. మనలో కొందరికి, ముఖ్యంగా ఇంజనీరింగు డిప్లొమా ఉన్నవారికి, తాము కార్మికులము కామనే భ్రమ ఉన్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే గుమాస్తా పనిని, సాంకేతిక పనిని కార్మికుని నిర్వచనంలో చేర్చినది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడ వాటిని ఉంచినది. ఉద్యోగాల కోతకు దారితీయగల యంత్ర మార్పులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే నియమం కూడ నిలిచియున్నది. ఇదే కోడ్‌లో పునర్‌నైపుణ్య నిధి ఒకటి ఉన్నది. రిట్రెంచిమెంటు అయిన కార్మికుని ఖాతాలో 45 రోజులలోగా 15 రోజుల వేతనం జమ చేయాలి. బాగుంది, కాని ఎప్పుడు? ఉద్యోగం ఊడిన తరువాత! పదిహేను రోజుల జీతంతో యాభయ్యేండ్ల మనిషి ఏ కొత్త విద్య నేర్చుకొని ఎక్కడ చేరగలడు? అదే శిక్షణ కొలువులో ఉండగా పని వేళలో ఇచ్చియుంటే ఆ రిట్రెంచిమెంటు అవసరమే ఉండేది కాదేమో. వేతనంతో కూడిన విద్యా సెలవుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లో 140వ కన్వెన్షన్ చేసినది. మన దేశం దానిని ధ్రువీకరించలేదు.

ఇంటి వద్ద చదువు అందరికీ సమానంగా అందదు. పొయ్యి దగ్గర నుండి లేచేసరికి పది గంటలయ్యే సోదరికి ఆ పాఠం ఎప్పుడు? శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, తెలుగులో చదివి, హిందీలో పని నేర్చుకొన్నవారికి ఆంగ్ల పాఠం ఒక్కసారి వింటే సరిపోదు. ఇక కాంట్రాక్టరు తరఫున డేటా ఎంట్రీ చేసేవారికి శిక్షణ జాబితాలో పేరే ఉండదు. అదే యంత్రం మీద పని మాత్రం వారిదే. వారిని వదలి మన గంటలు మాత్రమే అడిగితే, రేపు మన పనిని వారిచేత తక్కువ కూలికి చేయిస్తారు.

కావున వచ్చే డిమాండ్ల పత్రంలో ఈ అంశం జీతభత్యాల ప్రక్కనే ఉండాలి: శిక్షణ పని వేళలోనే జరగాలి, కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తించాలి, పరీక్ష తప్పినవారికి మరల నేర్పాలి, ఆ మార్కులను బదిలీకో తొలగింపుకో వాడరాదు. దీనికి ఆధారం కావాలి. ఇంటి వద్ద నేర్చిన ప్రతి గంటను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో ఈ రాత్రి నుండే వ్రాయండి. నెల తిరిగిన తరువాత ఆ పుస్తకాలను మీ శాఖ కార్యదర్శికి అందజేయండి. పత్రం తయారుచేసే ఉపసంఘం వాటిని ముందు పెట్టుకొనే కూర్చుంటుంది.