అభిజ్ఞానము: దూరోద్యోగమునందు నమ్మకము, పరీక్ష

(జ్యోతినగరమున మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ఇదివరకే ఉపన్యసించియున్నారు. మాకు నియమితమైన విషయము వానికంటె భిన్నముగ తోపవచ్చును. కార్యాలయమునకు పోకయే కార్యాలయపు పని చేయు నేటి యువకుడు తానెవ్వడో ఎట్లు రుజువు చేసికొనవలెను? ఆ రుజువును యజమాని ఎట్లు పరీక్షింపవలెను? ఇదియే మా విషయము. ఈ పరీక్షాపద్ధతికి ఆంగ్లభాషలో ‘జీరో ట్రస్ట్’ అని పేరు. శూన్యవిశ్వాసమని మనము చెప్పుకొనవచ్చును గాని, ఆ మాట వినినంతనే మనసు నొచ్చును. నమ్మకమే లేనిచోట కొలువెట్లు సాగునని మన పిల్లల తలిదండ్రులు మమ్ము అడిగియున్నారు. ఆ నొప్పికి కారణము లేదనియు, ఈ పద్ధతి మన బొగ్గుగనులకుగాని మన శాస్త్రములకుగాని క్రొత్తది కాదనియు, అయినను దానికి కొన్ని హద్దులు తప్పక యుండవలెననియు చెప్పుటకే యిచట నిలిచితిమి. సంస్కృతము చెప్పి బ్రదికిన బడిపంతులకు యంత్రవిద్యతో పనియేమని కొందరు నవ్వవచ్చును. ఆ విద్యలో పనిచేయుచున్న మా శిష్యులే మాకు విడమరచి చెప్పిరి. వారివలన విన్నదానిని తర్కముతో సరిచూచుకొని తమ ముందుంచుచున్నాము.

ఈ జ్యోతినగరము విద్యుత్కేంద్రమువలన పుట్టిన యూరు. ఎన్.టి.పి.సి. రామగుండము కేంద్రమున మొదటి యూనిట్టు 1983లో నడచినది. తరువాత ఆ కేంద్రము మూడు దశలలో 2600 మెగావాట్లకు పెరిగినది. ప్రక్కనే గోదావరిఖనిలో సింగరేణి గనులు. మన పెద్దల కాలమున ఉద్యోగమనగా గేటు దాటి లోనికి పోవుట. బాయి దిగువాడు బాయిలో, బాయిలరు కాచువాడు బాయిలరు కడ నుండెడివారు. దస్త్రము బీరువాలో, బీరువా గదిలో, గది ప్రహరీలో నుండెను. గేటును కాచినచో సమస్తమును కాచినట్లే యయ్యెను.

నేడట్లు కాదు. 2020 మార్చి నెలలో కరోనా కారణముగ దేశమంతట లాక్‌డౌను విధింపగా, హైదరాబాదు, బెంగుళూరు నగరములలో కొలువుచేయు మన పిల్లలు లాప్‌టాపులు చంకనిడుకొని ఈ క్వార్టర్లకే తిరిగివచ్చిరి. వంటింటి ప్రక్కగదిలో కూర్చుండి దూరదేశపు కంపెనీల లెక్కలు చక్కబెట్టిరి. ఆ లెక్కలైనను యజమాని బీరువాలో లేవు. ‘క్లౌడ్’ అనబడు ఏర్పాటులో, అన్యసంస్థల సర్వరులయందు అద్దెకున్నవి. పనివాడును గేటు వెలుపలనే, దస్త్రమును గేటు వెలుపలనే. ఇక గేటు దేనిని కాచునది?

మొదట దీనికి కనుగొన్న యుపాయము వీపీఎన్. ఇంటినుండి కార్యాలయమునకు సొరంగము త్రవ్వినట్లు ఊహింపుడు. పాస్‌వర్డు చెప్పినవాడు సొరంగమున ప్రవేశించును. ఆవలి కొస చేరినంతనే కోటలోనివాడగును. జీతముల చిట్టా చూడవలసినవాడు యంత్రముల పటములున్న గదికిని పోగలడు. దొంగ సొత్తుకొని వచ్చినను అంతే. కావలి యంతయు ముఖద్వారముననే. లోపల తలుపులకు గడియలు లేవు.

ఇందలి యపాయమునకు 2021 మే నెలలో అమెరికా దేశమున జరిగిన సంగతి నిదర్శనము. టెక్సాసు నుండి న్యూయార్కు ప్రాంతమువరకు పెట్రోలు మోయు కలోనియల్ పైప్‌లైన్ కంపెనీలోనికి దొంగలు ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారమున చొరబడిరి. ఆ ఖాతాను వాడుట మానియుండిరి గాని దానిని మూసివేయలేదు. పాస్‌వర్డు తప్ప రెండవ పరీక్ష లేదు. కంపెనీవారు గొట్టపుమార్గమును కొన్ని దినములు నిలిపివేసి, సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించిరి. పెట్రోలు బంకులకడ జనము బారులు తీరిరి. గనిలో పని మానిన పాత గ్యాలరీలను పటమున గుర్తింపక మరచిపోయినచో వానిలో నీరు చేరి యుండును. గనిలో నీటి ప్రమాదమెట్టిదో 2003 జూన్ 16వ తేదీన జి.డి.కె. 7 ఎల్.ఇ.పి. గనిలో 17 మంది కార్మికులను పోగొట్టుకొన్న ఈ ప్రాంతమునకు మేము చెప్పనక్కరలేదు. మరచిన ఖాతాయు మరచిన గ్యాలరీ వంటిదే.

ఇది పరదేశపు ముచ్చటయని తలపరాదు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకు రాన్సమ్‌వేర్ అను చీడ సోకినది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వరులు స్తంభింపగా, అనేక దినములు రోగుల పనులు చేతివ్రాతతో నడపవలసివచ్చినది. 2019లోనే కూడంకుళము అణువిద్యుత్కేంద్రమునందు పరిపాలనా విభాగపు కంప్యూటరు ఒకదానిలో చీడ కనబడినది. అయితే అది కేంద్రమును నడపు యంత్రముల వ్యవస్థతో సంబంధము లేనిదని అధికారులు ప్రకటించిరి. గేటు తప్పిపోయినను లోపలి గోడ కాపాడునని దీనివలన తెలియవలెను.

ఈ యనుభవములనుండియే క్రొత్త సిద్ధాంతము పుట్టినది. 2010లో ఫారెస్టర్ సంస్థకు చెందిన జాన్ కిండర్‌వాగ్ దీనికి జీరో ట్రస్ట్ అను పేరును వ్యాప్తికి తెచ్చెను. 2009లో తమపై జరిగిన దాడి తరువాత గూగుల్ వారు తమ యుద్యోగులకు వీపీఎన్ లేకయే పనిచేయు మార్గమును కల్పించి, ‘బియాండ్‌కార్ప్’ అను పేర 2014 నుండి దాని వివరములను ప్రకటించిరి. 2020 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థయగు నిస్ట్ దానికి లక్షణగ్రంథమును వెలువరించినది.

దాని లక్షణమును గనిభాషలో చెప్పెదము. ఈ సభలో దానికంటె సులభమైన భాష లేదు. బాయి దిగువాడు మొదట మస్టరులో తన పేరు పలికించుకొనును. అది మనిషిని గుర్తించుట. తరువాత జేబులు తడవి, బీడీ, అగ్గిపెట్టె లేవని చూతురు. మేనేజరైనను ఈ తడవుటనుండి తప్పించుకొనరాదు. క్రొత్త పద్ధతిలో ఇది లాప్‌టాపును పరీక్షించుట: దానికి తాజా రక్షణలున్నవా, చీడ సోకినదా యని. లాంప్ రూములో తన నంబరు దీపమునే తీసికొనును. షిఫ్టు ముగియగనే తిరిగి యీయవలెను. ఈయనిచో వాడింకను లోపలనే యున్నాడని తెలిసి వెదకుదురు. అట్లే ఈ పద్ధతిలో ఇచ్చిన యనుమతి కొలదికాలమే చెల్లును. వచ్చిపోయిన జాడ వ్రాతలో నిలుచును. మందుగుండు పేల్చుటకు షాట్‌ఫైరరు సర్టిఫికెట్టు ఉన్నవాడే అర్హుడు. ఎంత అనుభవజ్ఞుడైనను ఇతరుడు ముట్టరాదు. అట్లే జీతముల చిట్టా వ్రాయువానికి ఆ చిట్టా తలుపొక్కటే తెరుచుకొనును. ప్రక్కగది యున్నట్లే వానికి కనబడదు. ఇక సర్దారు సంగతి. నిన్న చక్కగ నున్న కప్పునే నేడు మరల కర్రతో తట్టి మ్రోత వినును. నిన్నటి నమ్మకము నేటి షిఫ్టుకు చాలదు. అట్లు తట్టుట కప్పునకు అవమానము కాదు. క్రింద నిలుచువాని ప్రాణమునకు రక్ష. జీరో ట్రస్ట్ అనునది యింతియే.

మన శాస్త్రములయందును ఈ చర్చ కలదు. కలిగిన జ్ఞానము స్వతఃప్రమాణమనియు, దోషము కనబడువరకు దానిని నమ్మవచ్చుననియు మీమాంసకుల మతము. కాదు, దాని ప్రామాణ్యము వేరు హేతువులచే నిర్ణయింపవలెనని నైయాయికులు. పాత వీపీఎన్ మీమాంసకుల త్రోవ. క్రొత్తది నైయాయికుల త్రోవ. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుని నియమించి, ముద్ర యున్నవానికే జనపదమున రాకపోకలని విధించెను. అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు విధముల పరీక్షించి, ధర్మపరీక్షలో నిలిచినవారిని న్యాయస్థానములయందును, అర్థపరీక్షలో నిలిచినవారిని ధనాగారమునందును నియమింపుమనెను. ఎవ్వడు దేనిలో నిలిచెనో వానికి ఆ తలుపే. అన్నిట తప్పినవారిని గనులకు పంపుమని కూడ ఆచార్యుడు వ్రాసియున్నాడు. ఆ ఒక్క వాక్యమున మేము ఆయనతో ఏకీభవింపము. గోదావరిఖని ప్రక్కన నిలిచి ఏకీభవించుట క్షేమమును కాదు.

వీనియన్నిటికంటె మాకు సుందరకాండము ముఖ్యము. సన్యాసివేషమును నమ్మి మోసపోయిన సీతాదేవి, రామదూతనని చెప్పిన హనుమంతుని చూచి రావణుడే మాయారూపమున వచ్చెనేమోయని శంకించెను. రాముని లక్షణములు చెప్పుమని యడిగెను. హనుమంతుడు నొచ్చుకొనలేదు, లక్షణములన్నియు చెప్పెను, పిదప ఉంగరము నిచ్చెను. తెలిసినదానిని చెప్పుట యొకటి, చేతనున్నదానిని చూపుట యొకటి. రెండును కూడినపుడే నమ్మిక. పాస్‌వర్డును, ఫోనునకు వచ్చు సంఖ్యయు అట్టివే. ఆమెయు ఊరకుండక, తమ యిరువురికే తెలిసిన కాకి వృత్తాంతమును చెప్పి, చూడామణి నిచ్చి పంపెను. రాముడును ఇది నిజముగ సీత పంపినదేయని గ్రహింపవలెను గదా! పరీక్ష ఉభయులకును ఉండవలెనని దీని యర్థము. శంకించినందున సీతారాముల ప్రేమ తరుగలేదు. దూత గౌరవమును తరుగలేదు.

ఇక హద్దులు. మొదటిది, నియమము అందరికిని సమానముగ నుండవలెను. కాంట్రాక్టు గుమాస్తాకు పది పరీక్షలు పెట్టి, పెద్దయధికారి పాస్‌వర్డును ఆయన సహాయకుని చేతిలో నుంచినచో అది రక్షణ కాదు, అధికారదర్పము. రెండవది, ద్వారమున పరీక్షించుట వేరు, ఇంటిలో తొంగిచూచుట వేరు. ఎవ్వరే దస్త్రమును తెరచిరో వ్రాసియుంచుట న్యాయము. పనివాడు కుర్చీనుండి ఎన్నిసారులు లేచెనో, ఇంటిలో ఎవరితో మాటలాడెనో కెమేరాతో లెక్కించుట న్యాయము కాదు. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసియున్నది. దాని భావము ఉద్యోగులకును వర్తింపవలెనని కోరుట ధర్మము. మూడవది, బీదవాని పాత లాప్‌టాపు పరీక్షలో తప్పినదని వాని జీతము కోయరాదు. దీపమును కంపెనీయే ఇచ్చి బాయిలోనికి పంపునట్లు, తగిన యంత్రమును యజమానియే ఈయవలెను.

ఈ పద్ధతి సర్వరోగనివారిణి యని కూడ మేము చెప్పము. 2022 సెప్టెంబరులో ఊబర్ కంపెనీకి పనిచేయు ఒక కాంట్రాక్టరు ఫోనునకు దొంగ పదేపదే అనుమతి కోరు సందేశములు పంపగా, తుదకతడు విసిగి సరేయని నొక్కెను. దొంగ లోన ప్రవేశించెను. కావున మీరు ఏమియు తెరువనిదే ఫోను ‘అనుమతింతురా’ యని యడిగినచో, వేయిసారులడిగినను కాదనుడు. ఓటీపీ సంఖ్యను బ్యాంకువారినని చెప్పువానికిగాని, చుట్టమునని చెప్పువానికిగాని పలుకరాదు. మన తల్లులకు ఈ సంగతి ముందుగ తెలియజెప్పవలెను.

తుదకు మన యింటి సంగతి. విద్యార్థివేతనములకై పిల్లలు పంపు దరఖాస్తులయందు తండ్రి యాదాయము, బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్య, ఫోను నంబరు ఉండును. పితృహీనులైన ఆడుపిల్లల చిరునామాలుండును. ఇవి యన్నియు క్లౌడ్‌లో దాచి, ఒకే పాస్‌వర్డును పదిమంది నోట నుంచు నలవాటు సంఘములయందు విశేషముగ కలదు. పదవి దిగినవారు సజ్జనులే కావచ్చును. వారి పోగొట్టుకొన్న ఫోను సజ్జనుల చేత బడునని యెవరు చెప్పగలరు? దాతలు మనకిచ్చినది ధనమే కాదు, నమ్మకము. పిల్లలిచ్చినది తమ గుట్టు.

కావున ఈ మహాసభకు అయిదు మనవులు చేయుచున్నాము. ప్రతి కార్యకర్తకును వేరు ఖాతా యుండవలెను. ఒకరి పాస్‌వర్డు మరియొకరు వాడరాదు. రెండంచెల పరీక్ష యందరికిని, అధ్యక్షులకును, విధింపవలెను. కోశాధికారికి లెక్కలు, వసతిగృహపు వార్డెనుకు వసతి జాబితా, అంతవరకే కనబడవలెను. పదవి ముగిసిన దినముననే పూలమాలతో పాటు ఖాతా ముగింపును జరుగవలెను. ఎవ్వరెపుడు ఏ దస్త్రము చూచిరో మూడు నెలలకొకసారి, పదవిలో లేని ఇరువురు సభ్యులు పరిశీలింపవలెను. వీనికి వలయు వ్యయము స్వల్పము. పోషకమహాశయులు ఏటేట ఇచ్చు వేతనములలో ఒకటి రెండింటిని ఈ రక్షణవిద్య నభ్యసించు పిల్లలకు కేటాయించినచో, మన కావలి మనవారే కాయగలరు.

మనవారిని పరీక్షించుట తప్పని సంకోచించు పెద్దలకు ఒక్కమాట. పెట్టెకు తాళము వేసి చెవిని ఇంటి పెద్దకోడలి చేతికిచ్చుట ఆమెపై నమ్మకముననే గాని అనుమానమున గాదు. తాళము లేని పెట్టెలో సొత్తు పోయినపుడే ఇంటిలోని వారందరిమీద నింద పడును. నిర్దోషులపై ఆ నింద పడకుండుటకే ఈ పరీక్ష. దీనిని మన సంఘము ఈ సంవత్సరమే ఆచరణలో పెట్టునుగాక యనియు, దూరదేశముల కొలువుచేయు మన బిడ్డలు క్షేమముగ నుందురుగాక యనియు ప్రార్థించుచున్నాము.