ఖనిజపు నేలలో బంగారమును వెదకు యంత్రము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో బంగారమును గూర్చిన ముచ్చట క్రొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ గుండ సాగు అతిపురాతనమైన శిలాపట్టికి భూగర్భశాస్త్రజ్ఞులు గద్వాల షిస్టు పట్టి యని పేరిడి, అందు బంగారపు జాడలను గుర్తించిరి. గద్వాలకు పడమట, రాయచూరు జిల్లాలోని హట్టిలో, నిజాము రాజ్యకాలమున 1947లో ఏర్పడిన సంస్థ నేడు కర్ణాటక ప్రభుత్వముదై గనిని నడుపుచున్నది. దక్షిణమున కర్నూలు జిల్లాలో జొన్నగిరి కలదు. ఇట్టి ఇరుగుపొరుగుల నడుమ నివసించు వారికి “మన చేనిలో మాత్రమేల ఉండరాదు?” అని తోచుట సహజము. లోహశోధక యంత్రములు అమ్మకమునకు దొరకుచున్న ఈ దినములలో ఆ తలంపునకు మరింత బలము చేకూరినది. ఏ యంత్రము కొనవలెనని అడుగువారికి మేము మొదట చెప్పదలచిన దొక్కటే: యంత్రమును ఎంచుటకు ముందు నేలను ఎరుగవలెను.

యంత్రము పనిచేయు విధము కష్టమైనది కాదు. కఱ్ఱ వంటి కడ్డీ చివర ఒక తీగచుట్ట యుండును. అందు విద్యుత్తు ప్రవహింపగా చుట్టును మారుచుండు అయస్కాంతక్షేత్రము కలుగును. అది నేలలోని లోహపు ముక్కను సోకినపుడు ఆ ముక్కలో నీటిసుడుల వంటి చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. వాని ప్రభావమును యంత్రము గ్రహించి మన చెవికి ధ్వనిగా వినిపించును. టెలిఫోను నిర్మించిన గ్రాహం బెల్ 1881లో, తుపాకి దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరములో తూటా ఎక్కడ నున్నదో కనుగొనుటకు ఇట్టి సాధనమునే ప్రయోగించెను. తూటా జాడ దొరకలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు సాధనమును తికమక పెట్టినవని చెప్పుదురు. వెదకు వస్తువే కాక, దాని చుట్టునున్నదియు యంత్రముతో మాటలాడునని ఆనాడే తేలినది.

మన నేల విషయమున జరుగునదియు ఇదే. ఎఱ్ఱ నేలలలో ఇనుప ఖనిజపు నలుసులు కలసియుండును. గ్రానైటు బండల నుండి వానకు జారిన ఇసుకలో, వాగుల అడుగున, నల్లని ఇసుక చారలు కనబడును. అందు ముఖ్యముగా ఉండునది అయస్కాంతమున కంటుకొను మాగ్నటైటు. ఇట్టి నేలపై సామాన్యమైన యంత్రము అడుగడుగునకు కూయును. లేదా ఆ కూతలో నిజమైన బంగారపు ధ్వని మునిగిపోవును. దీనినే ఖనిజపు నేల యందురు.

మీ నేల ఎట్టిదో తెలిసికొనుటకు ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. బలమైన అయస్కాంతమును పలుచని కాగితములో చుట్టి, ఎండిన మట్టిలో పొరలించి చూడుడు. నల్లని నలుసులు గడ్డమువలె దట్టముగా అంటుకొనినచో అది యంత్రమునకు కఠినమైన నేల. ఏమియు అంటుకొననంత మాత్రమున నేల సులభమైనదని అనుకొనరాదు. చౌడు నేలలో తేమ చేరినపుడు అందలి ఉప్పు విద్యుత్తును ప్రవహింపజేసి వేరొక విధముగ యంత్రమును మోసగించును. అట్టిచోట నేల బాగుగ ఎండిన తరువాతనే వెదకుట మేలు.

ఇక యంత్రములు ముఖ్యముగా రెండు తరగతులు. మొదటి తరగతి యంత్రము తరంగమును ఎడతెగకుండ పంపుచు, అప్పుడే ప్రతిస్పందనను కూడ వినుచుండును. దీనిని వి.ఎల్.ఎఫ్. యంత్రమందురు. బంగారమునకై చేయువానిలో తరంగపు పౌనఃపున్యము సాధారణముగా 15 కిలోహెర్ట్జులకు మించియుండును. 70 ప్రాంతమున పనిచేయునవియు కలవు. పౌనఃపున్యము హెచ్చినకొలది నువ్వుగింజ వంటి చిన్న ముక్కను గూడ పట్టగలదు. కాని ఖనిజపు నేల బాధయు హెచ్చును. ఇది తేలికయైనది, వెల తక్కువైనది, ఇనుమును కొంతవరకు వేరుచేసి చెప్పగలది.

రెండవది పల్స్ ఇండక్షన్ యంత్రము. ఇది విద్యుత్తును క్షణభంగురమైన దెబ్బలుగా పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు వినును. ఈలోగా నేలలోని ఇనుప నలుసుల స్పందన చాలవరకు చల్లారును. లోహపు ముక్కలోని ప్రవాహము ఇంకను మిగిలియుండును. అందుచే కఠినమైన నేలలో ఇది మరింత లోతునకు పోగలదు. కాని వెల అనేకరెట్లు ఎక్కువ. ఇనుప మేకునకు బంగారమునకు గల భేదమును నమ్మకముగ చెప్పజాలదు. నాగలి ముక్కలు, ఎడ్ల నాడాలు, మేకులు పడియున్న పాత చేనిలో దినమంతయు త్రవ్వించి విసిగించును.

ఏ తరగతి దైనను మూడు సంగతులు చూడవలెను. నేలకు తగినట్లు సరిచేసికొను ఏర్పాటు తప్పక ఉండవలెను: తీగచుట్టను నేలపై పైకి క్రిందికి ఆడించుచు, నేల కూత అణగువరకు మీటను త్రిప్పుట. కొన్నింటిలో ఇది తనంతట జరుగును. రెండవది, ఎదురుబదురుగా రెండు డి అక్షరముల ఆకారములో తీగలు చుట్టిన చుట్ట ఖనిజపు నేలకు అనుకూలము. చిన్నచుట్ట ఒక్కమారుగా చూచు మట్టి తక్కువ గనుక చిన్న ముక్కలకు మేలు, పెద్దచుట్ట లోతైన పెద్ద ముక్కలకు మేలు. మూడవది, ఇనుమును వదలివేయు మీటను ఎక్కువగా వాడరాదు. ఖనిజపు నేలలో అది బంగారమును గూడ ఇనుమని భావించి మూగవోవచ్చును.

కొనుటకు ముందు అంగడి బల్లపై చేసిచూపు ప్రదర్శనకు లొంగకుడు. గాలిలో పట్టు దూరము వేరు, మట్టిలో పట్టు లోతు వేరు. ఒక చిన్న ముక్కుపుడకను దారముతో కట్టి మీ చేనిలోనే జానెడు లోతున పాతి, దారపు కొస పైకి వదలి, యంత్రమును దానిపై త్రిప్పించి చూడుడు. వినబడకున్నచో బెత్తెడు లోతున మరల చూడుడు. ఉంగరమును వాడరాదు, గుండ్రని కట్టు వలన అది తన బరువునకు మించి ధ్వని చేయును. ఈ పరీక్షకు ఒప్పుకొనని అమ్మకందారుని విడిచిపెట్టుటయే మేలు.

ఇంతయు చెప్పిన తరువాత అసలు ప్రశ్న మిగిలియున్నది. ఈ నేలలో యంత్రమునకు వినబడు బంగారము ఉండునా? 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున, కింగోవరు అనుచోట, ఒక గృహస్థు ఇట్టి యంత్రముతోనే 27 కిలోలకు పైబడిన బంగారపు ముద్దను కనుగొనెను. అక్కడ బంగారము ముద్దలుగా, మట్టికి చేరువలో నున్నది. మన షిస్టు పట్టీలలోనిది ప్రధానముగా అట్టిది కాదు. పలుగురాతి చారలలో, గంధకపు ఖనిజములలో, కంటికి కానరాని నలుసులుగా అది ఇమిడియుండును. గనులలో సైతము టన్ను రాతికి దొరకునది కొన్ని గ్రాములే. అట్టి ధూళి గుట్టంత యున్నను యంత్రము పలుకదు. దానిని తెలుపునది రాతిని పొడిచేసి పరీక్షించు ప్రయోగశాల. వాగు ఇసుకలోని సన్నని రేణువులకు, మన ఇల్లాండ్రు బియ్యము గాలించునట్లు పళ్లెములో ఇసుకను గాలించుటయే పాత పద్ధతి, మంచి పద్ధతి. జొన్నగిరి పొలములలో తొలకరి వానలకు బయటపడు వజ్రములకు కూడ ఈ యంత్రము పనికిరాదు; వజ్రము లోహము కాదు గదా.

కావున పొలము కుదువబెట్టి యంత్రము కొనువారికి మేము వలదనియే చెప్పుదుము. యంత్రము కంటె హానికరమైనది దాని పేర జరుగు మోసము. వంద అడుగుల దూరమునుండి బంగారమును చూపునని, చేతిలో ఊగు పుల్లతో అమ్ము పరికరములలో ఏ శాస్త్రమును లేదు. అట్టి ఊగుపుల్ల పరికరములనే బాంబులను కనిపెట్టునవని ఇరాకు మొదలైన దేశములకు అమ్మిన వ్యాపారికి 2013లో లండనులోని న్యాయస్థానము 10 సంవత్సరముల శిక్ష విధించెను. మన చెంతనే 2023 డిసెంబరులో, గుప్తనిధులు చూపెదనని నమ్మించి 11 మందిని హతమార్చెనను అభియోగముపై ఒక వ్యక్తిని నాగర్‌కర్నూల్ పోలీసులు నిర్బంధించిరి. నిధి ఆశ మనిషిని ఎంతదూరము కొనిపోవునో దీనివలన తెలియుచున్నది.

చట్టమును గూడ మరువరాదు. 1957 నాటి గనుల చట్టము ప్రకారము అనుమతి లేక ఖనిజములకై అన్వేషించుట, త్రవ్వుట నేరము. చేను మీదైనను అంతే. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన నిధి విలువ 10 రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. ఆలంపురము నవబ్రహ్మాలయముల వంటి రక్షిత స్థలములలో త్రవ్వరాదు. అమ్రాబాదు పులుల అభయారణ్యమునకు అటవీ చట్టములు వేరుగ కలవు.

నేలను ఎరుగవలెనను కుతూహలము మంచిదే. దానికి ఒక అయస్కాంతము, ఒక పళ్లెము, భూగర్భశాస్త్రము తెలిసినవారి సలహా చాలును. ఈ మూటితో మొదలిడిన వానికి యంత్రము కావలెనో వలదో మీ నేలయే చెప్పును. ఆ మాట విన్న తరువాత విప్పిన డబ్బుమూట వృథా కాదు.