చిన్న అపార్టుమెంటు - గృహాలంకరణ



పూర్వము మన ఇండ్లలో ప్రతి వస్తువునకు ఒక స్థానముండెడిది. సావడిలో పడకకుర్చీ, వసారాలో మంచము, వంటయింట ఉట్టి, కొట్టుగదిలో ఆవకాయ జాడీలు, పెరటిలో రోలు. గృహాలంకరణ మను మాటను ఇంటివారు ఎన్నడు తలపకున్నను ఇల్లు అమరికగనే కనబడెడిది. కారణము వేరేమియు కాదు, స్థలము మెండు. నేడు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్టణములోనో నాలుగవ అంతస్తున రెండు పడకగదుల అపార్టుమెంటు కొనుక్కొన్న గృహస్థునకు ఆ వస్తువులలో సగము అక్కరలేదు. కాని వానికి మారుగ రిఫ్రిజిరేటరు, వాషింగు మిషను, ఇన్వర్టరు, పిల్లల సైకిలు, ఇంటినుండియే ఉద్యోగము చేయు కోడలికి ఒక బల్ల వచ్చి చేరినవి. స్థలము మాత్రము పెరుగలేదు. కనుక చిన్న ఇంటి అలంకరణ మనగా మొదట చోటు వెదకుట. సొగసు తరువాతి మాట.

ఆ చోటు ఎంతయున్నదో సరిగా ఎరిగినవారు తక్కువ. అమ్మకపు కాగితములో వేయి చదరపుటడుగులని ఉండును. అందులో మెట్లు, లిఫ్టు, నడవ మొదలగువానిలో మన వంతుగూడ కలిసియుండును. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా వాడుకలో రేరా, కార్పెట్ ఏరియా అనగా ఏమో నిర్వచించినది. వెలుపలి గోడలను, బాల్కనీని విడిచి, లోపలి అడ్డుగోడలను కలుపుకొని, మన వాడుకకు వచ్చు నేల ఎంతయో అది కార్పెట్ ఏరియా. వేయి అడుగులని చెప్పినచోట సాధారణముగ నాలుగవ వంతు, ఒక్కొక్క తావున మూడవ వంతు లెక్కలోనే తరిగిపోవును. కావున సామాను కొనబోవుటకు ముందు టేపుతో మీరు కొలిచిన లెక్కయే లెక్క.

గళ్ళకాగితముపై అడుగునకొక గడి చొప్పున గదులు గీయుడు. మంచము, సోఫా, బీరువా, భోజనపు బల్ల కొలతలకు అట్టముక్కలు కత్తిరించి, వానిని ఇటునటు జరిపి చూడుడు. మనిషి నడచుటకు రెండున్నర అడుగులైన విడువవలెను. బీరువా తలుపు తెరచుకొను మేర, వంటింటి సొరుగు వెలుపలికి వచ్చు మేర, ఇవిగూడ నేలలో భాగమే. ఈ పని ఒక ఆదివారము మధ్యాహ్నమున పూర్తియగును. చేయనివారి సోఫా లిఫ్టులో పట్టక, నలుగురు కూలీల భుజములపై నాలుగంతస్తులెక్కి, చివరకు గుమ్మమువద్ద నిలిచిపోయిన వింతను మేము చూచియున్నాము.

ఇక నేటి పోకడలకు వత్తము. మాడ్యులర్ కిచెన్, ఓపెన్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, జపాండి, మినిమలిజము అను మాటలు ఇప్పుడు ఇంటింట వినబడుచున్నవి. 2018 ఆగస్టులో స్వీడన్ దేశపు ఐకియా సంస్థ భారతదేశమున తన మొదటి దుకాణమును హైదరాబాదులోనే తెరచినది. అటుపిమ్మట మడతబల్లలు, గోడకు బిగించు అరలు చూచివచ్చుట మన పట్టణవాసులకు ఒక వినోదముగ పరిణమించినది. అయినను ఈ పోకడలలో కొన్ని మనమనుకొన్నంత కొత్తవి కావు.

మాడ్యులర్ కిచెన్ పుట్టుక చూడుడు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున సామాన్య కుటుంబములకై ఇండ్లు కట్టుచుండగా, మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అను ఆస్ట్రియా దేశపు మహిళా వాస్తుశిల్పి ఆ ఇండ్లకు ఒక వంటగదిని రూపొందించిరి. వెడల్పు ఆరడుగులకు కొంచెము మించి, పొడవు పదునొకండడుగులు. రైలులోని భోజనపు పెట్టె వంటగది ఆమెకు మాదిరి. గృహిణి వృథాగ నడచు అడుగులను తగ్గించుట ఆమె ఆశయము. అటువంటివి సుమారు పదివేలు నిర్మించిరి. అందులో ఒక్కరికే చోటుండుటచే గృహిణి ఏకాంతమున చిక్కుకొన్నదని తరువాతివారు విమర్శించిరి. నేటి ఓపెన్ కిచెన్ ఆ విమర్శకు సమాధానమని చెప్పవచ్చును. వంట చేయువారు హాలులోని వారితో మాటాడుచు పని చేసికొందురు, ఒక గోడ తగ్గుటచే ఇల్లు విశాలముగ కనబడును.

ఇది మెచ్చదగినదే. అయితే మన వంటలో ఎండుమిరపకాయల ఘాటు, ఇంగువ పోపు, నూనెలో వేగు వడియములు కలవు. వాని ఆవిరి నేరుగ హాలులోని తెరలపై, మెత్తలపై చేరి జిడ్డుగ నిలుచును. గోడను పూర్తిగ తీయక, పై సగమున అద్దపు జారుడు తలుపు అమర్చినచో పోపు వేళ మూయవచ్చును, తక్కిన వేళ తెరువవచ్చును. పొగను వెలుపలికి పంపు గొట్టముగల చిమ్నీ మేలు. వడగట్టి పొగను మరల గదిలోనికే విడుచు రకము మన పోపునకు చాలదు.

ఈ వంటింటి విషయమున ధనము ఎక్కువగ వ్యయమగును గనుక మరి రెండు మాటలు. మనము వంటిల్లు తుడుచుటతో తృప్తిపడము, నీళ్ళు పోసి కడుగుదుము. నేలకు ఆనించిన చెక్క పెట్టెలు ఆ తడికి ఉబ్బును. కావున క్రింది పెట్టెలు నాలుగంగుళముల కాళ్ళపై నిలువవలెను. సింకు క్రింద పార్టికల్ బోర్డు పెట్టించుట డబ్బు నీళ్ళలో వేయుటయే. అక్కడ ఐ.ఎస్. 710 అను ముద్రగల ప్లైవుడ్ వాడుడు, ముద్రను వడ్రంగి చెప్పగా వినక కంట చూడుడు. గట్టు ఎత్తు అందరికి ఒకటే కాదు. వంట చేయువారి మోచేతికి నాలుగైదంగుళములు క్రిందుగ ఉన్నచో భుజములు నొవ్వవు. కొనితెచ్చిన గట్టు సాధారణముగ ముప్పదినాలుగంగుళములుండును. పొట్టివారికి అది ఎత్తు. దానిపై గ్రైండరు నిలిపి, ఆపై పిండి తీయవలెనన్న మరింత ఎత్తు.

చిన్న ఇంటిని గూర్చిన మరియొక కథ గలదు. చండీగఢ్ నగరమును రూపొందించిన ల కార్బూజియే 1952లో ఫ్రాన్సు దక్షిణ సముద్రతీరమున తనకై ఒక కుటీరము కట్టుకొనిరి. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. మంచము క్రింద సొరుగులు, గోడలో అరలు, మూలకు చేర్చిన బల్ల, అన్నియు కొలతపై అమరినవి. నేటి పత్రికలలో చూచు పొందికైన గదులకు అది పెద్దన్న వంటిది. కాని అందు వంటగది లేదు. పక్కనున్న భోజనశాలలోనికి ఒక తలుపు ఉండెడిది. చిన్న ఇండ్ల అందమైన ఛాయాచిత్రములు చూచునపుడు వంట ఎక్కడ జరుగుచున్నదని మేము మొదట వెదకుట అప్పటినుండి అలవాటైనది.

పగలు కూర్చొను గది రాత్రి పడకగది యగుట నేటి పోకడలలో ముఖ్యమైనది. గోడలోనికి మడచు మంచములు ఇరువదవ శతాబ్దారంభముననే అమెరికాలో వెలసినవి. జపానులో పరుపును ఉదయమున చుట్టి గోడ అలమరలో పెట్టుదురు. మనవారు చేసినది ఇదియే కదా! చాప, పరుపుచుట్ట, మడతమంచము, పీట, ఇవన్నియు పని తీరగనే గోడకు చేరెడివి. కనుక పెద్ద ధర పెట్టి యంత్రపు మంచము కొననక్కరలేదు. అతిథులు నెలకొకసారి వచ్చు ఇంట రెండు మంచి పరుపుచుట్టలు, వానికి తలుపుగల ఒక అర చాలును. మంచము క్రింద పెట్టెవంటి అర ఉపయోగమే. కాని అందు నిత్యము కావలసినవి పెట్టరాదు. ప్రతిదినము పరుపు ఎత్తు ఓపిక ఎవరికుండును?

జపాండి అనగా జపాను, స్కాండినేవియా పద్ధతుల కలయిక. లేత రంగులు, కొయ్య సహజవర్ణము, నేలకు దగ్గరైన ఆసనములు దాని లక్షణములు. చూపునకు హాయి. ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పవలెను. మేమెరిగిన ఒక కుటుంబమువారు అప్పు చేసి హాలంతయు ఈ తీరున మార్పించిరి. నేలనుండి పదునాలుగంగుళముల ఎత్తున, చేతులు లేని సోఫా. డెబ్బదియెనిమిదేండ్ల బామ్మగారికి దానిలో కూర్చొనుట వచ్చును గాని, మోకాళ్ళ నొప్పులచే లేచుట రాదు. ఎవరో చేయి ఇచ్చి లేపవలెను. పదిసార్లు పిలుచుటకు ఆమెకు మొగమాటము. క్రమముగ హాలునకు వచ్చుట మానిరి. పడకగదిలో మంచముపైననే భోజనము, అక్కడనే రేడియో. వచ్చిన బంధువులు హాలును మెచ్చుకొని, బామ్మగారు ఊరిలో లేరా అని అడిగిరి. ఆ ప్రశ్నతో కోడలికి సంగతి తెలిసినది. ఆమె అటకపైనున్న పాత టేకు కుర్చీని దింపించి, నవారు మార్పించి, కిటికీ ప్రక్కన వేసిరి. దాని ఎత్తు పదునెనిమిదంగుళములు, చేతులు గట్టివి. బామ్మగారు మరునాటి ఉదయమే వచ్చి అందు కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచిరి. జపాండి కొంత చెడినది. ఆ ఇంట వృద్ధుల ముఖము మరల హాలులో కనబడినది.

అందుచే మేము గట్టిగ చెప్పునదేమన, సోఫా కొనునపుడు ఇంటిలోని మిక్కిలి పెద్దవారిని దుకాణమునకు తీసికొనిపోయి కూర్చొనబెట్టుడు. పదునేడు, పదునెనిమిదంగుళముల ఎత్తు, దిగబడని మెత్త, పట్టుకొనుటకు చేతులు ఉండవలెను.

ఫాల్స్ సీలింగ్ విషయమున మా అభిప్రాయము కొంత కఠినము. సుమారు పదడుగుల కప్పునకు ఆరెనిమిది అంగుళముల జిప్సము వ్రేలాడదీసిన యెడల చిన్న గది మరింత చిన్నదగును. పంకాకును కప్పునకును నడుమ సుమారు అడుగు ఎడము లేనిదే గాలి సరిగా రాదు. ఆ ఎడము కొరకు పంకాను దింపిన రెక్కలు తలకు దగ్గరగును. తీగలు దాచుటకు గోడ అంచున ఒక సన్నని పట్టీ చాలును. దీపముల రంగును మాత్రము చూచి కొనుడు. ఎల్.ఇ.డి. బల్బు పెట్టెపై 2700 లేక 3000 కెల్విన్ అని ఉన్నచో వెలుగు పసిమిగా ఉండును, పడకగదికి తగును. 4000 చదువు బల్లకు, వంటగట్టునకు మంచిది. 6500 తెల్లగ, నీలిచాయగ ఉండును. హాలులో అది గదిని కార్యాలయముగ చేయును.

అద్దము పెట్టిన గది పెద్దదిగ తోచుట నిజమే. కాని పడమటి కిటికీకి ఎదురుగ పెట్టరాదు. మన ఏప్రిల్, మే మాసముల సాయంకాలపు ఎండను అది గదిలో రెట్టింపుగ చూపి కండ్లకు మిరుమిట్లు గొలుపును. అక్కడ మంగళగిరి నూలు తెరలు వేసిన వెలుగు వడగట్టబడి వచ్చును.

మొక్కలు పెంచుడు, కంటికి చల్లన. అవి గదిలో గాలిని శుద్ధిచేయునని 1989 నాటి అమెరికా అంతరిక్ష సంస్థ పరిశోధనను చూపుచుందురు. అది మూసివేసిన చిన్న పేటికలలో జరిగినది. మామూలు ఇంట ఆ ఫలితము రావలెనన్న అడుగడుగున కుండీలు నింపవలెను. కిటికీ తెరచుట అంతకంటె సులభము. అందుకే బాల్కనీని పూర్తిగ అద్దములతో మూయించుటను మేము మెచ్చము. పైకి లాగు దండెము, గోడకు నాలుగు కుండీలు, ఒక పీట, ఇంతే అక్కడ తగును.

ఇంటిలో వస్తువులు తగ్గింపుమని బోధించి లోకప్రసిద్ధి చెందిన జపాను వనిత మేరీ కొండో, మూడవ బిడ్డ కలిగిన తరువాత తనకును సర్దుట కొంత సడలినదని 2023లో చెప్పిరి. ఆ మాట మనకు ధైర్యమునిచ్చును. పెండ్లినాటి ఇత్తడి బిందెను పారవేయుమని మేము చెప్పము. దానిని అటకపై బూజు పట్టింపక, గుమ్మమువద్ద గొడుగులు నిలుపుటకు వాడవచ్చును. గోడపై చేర్యాల పటము, అరలో ఏటికొప్పాక లక్కబొమ్మ, కొండపల్లి ఎడ్లబండి, పెడన కలంకారీ, నిర్మల చిత్రము, అన్నియు ఒక్క గోడకు చేర్చిన అది ప్రదర్శనశాల యగును. ఒకదానికి చోటిచ్చి, దానిపై చిన్న దీపము వేసి, తక్కినవానిని పండుగకొకటి చొప్పున మార్చుచుండుడు. ఏటికొప్పాక బొమ్మను కిటికీ ఎండలో ఉంచరాదు, లక్క మెరుపు పోవును.

అద్దె ఇంట నివసించువారు గోడలకు బెజ్జములు వేయుటకు యజమాని ఒప్పుకొనకపోవచ్చును. వారు తమ వెంట తీసికొనిపోదగిన వానిమీదనే, అనగా నిలువు అరలు, తెరలు, నేల దీపములపైననే వ్యయము చేయుట మేలు.

సొంత ఇంటివారికి పనుల వరుస ముఖ్యము. మొదట నీటి గొట్టములు, తరువాత విద్యుత్తు, పిమ్మట వడ్రంగము, చివర రంగులు. మంచము తలవైపున రెండు ప్లగ్గులు, వంటగట్టుపై మూడు, కోడలి బల్లవద్ద రెండు, బామ్మగారి కుర్చీ ప్రక్కన రేడియోకు ఒకటి కావలెనని గోడపై సుద్దతో గురుతు పెట్టి, రంగులవారు రాకముందే విద్యుత్ పనివానికి చూపుడు.