చౌక రోజులు ఎవరికి?



"మా రోజుల్లో అన్నీ చౌక" అని పెద్దవాళ్లు అంటూంటారు. అరవైల మొదట్లో నయాపైసలు, కిలోలు కొత్త. వార్తలకు రేడియో, వినోదానికి టూరింగ్ టాకీసు. 1963లో 'లవకుశ' చూడటానికి ఆడవాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లారు. ఇదంతా నిజమే. అయితే ఆ పైసలు ఎవరి చేతిలో ఉండేవి? ధరల జ్ఞాపకాల్లో ఈ ప్రశ్న వినబడదు.

చాలామంది స్త్రీలకు తమదని చెప్పుకోగలిగిన ఆస్తి ఒంటిమీది బంగారమే. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమంది. ఎవరైనా పుచ్చుకుంటే దాన్ని భార్యకు అప్పగించాలని కూడా అంది. కానీ పోలీసులు తమంతట తాము కేసు పెట్టే వీలు అందులో లేదు. 1962లో చైనా యుద్ధమప్పుడు ఎందరో స్త్రీలు గాజులు, గొలుసులు తీసి రక్షణ నిధికిచ్చారు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చింది. కొత్త నగలు 14 క్యారెట్లు మించకూడదన్నారు. కంసాలి కుటుంబాలు ఉపాధి పోగొట్టుకున్నాయి.

నగలో ఎంత బంగారం ఉండాలో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నగ మీద హక్కు ఎవరిదన్నది మాత్రం ఆచరణలో అత్తింటివారే తేల్చారు. ఉద్యమాలు ఒత్తిడి తెచ్చాకే 1984, 1986లలో కట్నం చట్టాన్ని సవరించారు.

ఊళ్లలో వృద్ధ స్త్రీల అనుభవాలు రాసుకుంటున్న కార్యకర్తలకు నా విన్నపం ఒక్కటే. బియ్యం ధర అడగండి. బియ్యానికి డబ్బు ఎవరిని అడిగి తెచ్చుకునేదో కూడా అడగండి. ఆమె నగలు తాకట్టుకు వెళ్లినప్పుడు ఆమెను ఎవరైనా అడిగారా, అవి తిరిగొచ్చాయా అనీ అడిగి రాసుకోండి.