దెబ్బ తిన్నవాడి లెక్క

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 ఏటా ఈ సమావేశంలో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో, ఎన్ని ఇళ్ళకు రంజాన్ తోఫా అందించామో చెప్పుకుంటాం. ఆ వివరాలు నివేదికలో ఉన్నాయి, తీరిగ్గా చూడండి. ఈసారి వైద్యసాయం పద్దులోకి వచ్చే ఒక్క రకం దరఖాస్తు గురించే మాట్లాడాలని కమిటీ అనుకుంది.

మన ఉంగుటూరు మీదుగా పోయే హైవే సంగతి మీకు చెప్పేదేముంది? కొల్లేరు చేపల లారీలు, గూడెం మార్కెట్‌కి పోయే ఉల్లిపాయల లారీలు, కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు, వీటి మధ్యలో మన ఆటోలు, మన బళ్ళు. ఐస్ నీళ్ళు కారి తారు జారుడుగా ఉంటుంది. ఎవరో హారన్ కొడతారు, ఎవరో దారివ్వరు, అద్దానికి అద్దం తగులుతుంది. తగిలిన దానికి వంద రూపాయల నష్టం కూడా ఉండదు. కానీ కారు దిగినవాడి చేతిలో వీల్ పానా ఉంటుంది. ఐదు నిమిషాల కోపం. ఆ తర్వాత మనిషి నాలుగు నెలలు మంచంలో.

ఇలా దెబ్బ తిన్నవారి ఇంటివాళ్ళు మన దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు పది పదిహేను రోజులు గడిచిపోతాయి. ఆసుపత్రి బిల్లు చేతిలో ఉంటుంది. ఫిర్యాదు ఇచ్చారా అంటే, ఆ రాత్రే పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారంటారు. ఎంతకని అడిగితే, పది వేలకని. ఆసుపత్రి చీటీ చూస్తే అందులో ‘బండి మీద నుంచి జారిపడ్డాడు’ అని ఉంటుంది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇంటివాళ్ళే అలా చెప్పి రాయించి ఉంటారు.

ఇక్కడ దాతలు ఒక్క సంగతి గమనించాలి. చెయ్యి విరిగి ప్లేటు వేశారనుకుందాం. రోజుకు 800 రూపాయల కూలి, నెలకు 25 రోజుల పని, 4 నెలలు ఖాళీ. పోయిన కూలే 80,000. దాని మీద ఆపరేషన్, మందులు, ఏలూరికి రానూపోనూ ఆటో కిరాయిలు, పని మానుకుని పక్కన కూర్చున్న భార్య కూలి. కొట్టినవాడు ఇచ్చింది పది వేలు. మిగతాది ఎవరు కట్టారు? కొంత వడ్డీ వ్యాపారి, కొంత మీరు. మీ జకాత్, మీ సదఖా. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కోపానికి ఖరీదు మన బైతుల్‌మాల్ చెల్లిస్తోంది. దెబ్బ తిన్న ఇంటిని ఆదుకోవడానికి మనం వెనకాడం, అల్హందులిల్లాహ్, ఇక ముందూ వెనకాడం. కానీ కట్టాల్సినవాడు ఒకడున్నప్పుడు వాణ్ణి వదిలేసి వితంతువుకు, అనాథ పిల్లాడికి పోవలసిన డబ్బుతో ఆ బాకీ తీర్చడం న్యాయమా? ఇది మాకు తేలిగ్గా తీసుకోదగ్గ ప్రశ్నగా కనిపించలేదు.

‘క్షమించడం గొప్ప కదా’ అని కొందరు పెద్దలు అంటారు. నిజమే, గొప్పే. సూరా మాయిదా 45వ ఆయత్‌లో గాయాలకు ప్రతిగా ఏముందో చెప్పి, క్షమించినవాడికి అది అతని పాపాలకు పరిహారం అవుతుందన్న శుభవార్త కూడా ఉంది. అయితే ఆ క్షమ గాయపడినవాడి హక్కు. మన ఫిఖ్ గ్రంథాలు దియత్ గురించి మాట్లాడినా, గాయానికి గాయంగా లెక్క కట్టి ఎంత చెల్లించాలో చెప్పినా, ఆ హక్కు దెబ్బ తిన్నవాడిదే అని చెబుతాయి. మన దేశంలో దియత్ చట్టం కాదు, కోర్టు దాని ప్రకారం నడవదు. ఆ మాట ఇక్కడ ఎత్తింది ఒక్కందుకే: పరిహారం అడగడం ఆశ అని, సిగ్గుచేటు అని మనవాళ్ళలో ఒక భావన ఉంది. మన ధర్మంలో అది సిగ్గుపడే పని కాదు. సుల్హ్ మంచిదే. ఎముక అతికిందో లేదో తెలియకముందే, మత్తు దిగకముందే, మరొకరు కూర్చుని చేసేదాన్ని సుల్హ్ అనడానికి మాకు నోరు రావడం లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. మేము వకీళ్ళం కాము. వకీళ్ళను అడిగి తెలుసుకున్నంత వరకు చెబుతాం.

మొదట తేల్చుకోవలసింది, తగిలింది బండా, చెయ్యా అని. రోడ్డు మీద జరిగింది కాబట్టి ఇన్సూరెన్స్ వస్తుందని మనవాళ్ళు అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే వాహనం వాడకం వల్ల జరిగిన ప్రమాదమై ఉండాలి. రీటా దేవి కేసులో, నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో ఆటో ఎత్తుకుపోవడం కోసం డ్రైవర్‌ని చంపేశారు. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ప్రమాదం కిందే లెక్కించి కుటుంబానికి పరిహారం దక్కేలా చేసింది. ఎందుకంటే వాళ్ళ అసలు ఉద్దేశం ఆటో దొంగతనం, చావు ఆ క్రమంలో జరిగింది. మనిషిని కొట్టడమే అసలు ఉద్దేశమైతే అది వేరని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి కారు దిగి పానాతో కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఆశ పెట్టుకోవద్దు. అదే కోపంలో కారుతో గుద్దితే వకీలుకు చూపించి ట్రిబ్యునల్ దారి ఉందేమో అడగాలి. దానికి గడువు తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టమంటోంది.

చెయ్యి చేసుకున్న కేసయితే దారి క్రిమినల్ కోర్టు గుండా పోతుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయం. 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో అది 20 రోజులు ఉండేది. తీవ్ర గాయానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, మామూలు దెబ్బకు ఏడాది. ఒక్క ఎక్స్‌రే కేసు బరువునే మార్చేస్తుంది. అందుకే ‘జారిపడ్డాడు’ అన్న రెండు ముక్కలు ఇంత నష్టం చేస్తాయని అంటున్నాం. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పాలి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. పోలీసు కాగితం లేదని అత్యవసర వైద్యం ఆపడానికి వీల్లేదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

‘ఉత్త చేత్తోనే కొట్టాడు, కేసేం నిలబడుతుంది’ అని అనేవాళ్ళకు పటియాలా సంగతి చెప్పండి. 1988 డిసెంబరు 27న అక్కడ రోడ్డు మీద బండి తీసే విషయంలో గొడవై, 65 ఏళ్ళ పెద్దాయన దెబ్బ తిని చనిపోయారు. నిందితుడు క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ. 1999లో కింది కోర్టు వదిలేసింది, 2006లో హైకోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల జరిమానాకు తగ్గించింది. ఆ కుటుంబం అక్కడితో ఆగలేదు, మళ్ళీ సమీక్ష అడిగింది. 2022 మే 19న ఏడాది కఠిన శిక్ష పడింది. బలిష్ఠుడైన క్రీడాకారుడి చెయ్యి కూడా ఆయుధమే కావచ్చని కోర్టు అందులో అంది. ముప్పై మూడేళ్ళు. మన కూలివాడికి అంత ఓపిక ఎక్కడిది? అందుకే ఆ ఓపికలో కొంత సొసైటీ పెట్టుకోవాలి.

డబ్బు విషయానికొస్తే, శిక్ష వేసేటప్పుడు జడ్జిగారు నిందితుడి చేత బాధితుడికి పరిహారం ఇప్పించవచ్చు. కొత్త సంహితలో అది 395వ సెక్షన్. 1988లో హరి సింగ్ కేసులో మాట పడిపోయిన బాధితుడికి సుప్రీంకోర్టు 50,000 రూపాయలకు పరిహారం పెంచి, కోర్టులు ఈ అధికారాన్ని ధారాళంగా వాడాలని చెప్పింది. పాతికేళ్ళ తర్వాత, 2013లో, అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసు వచ్చింది. అక్కడా కుక్క మొరిగిందని మొదలైన మాటామాటా, ఇనప గొట్టంతో ఒక దెబ్బ, ఒక ప్రాణం. పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది ప్రతి కేసులోనూ కోర్టు ఆలోచించి తీరాలని అందులో తేల్చారు. అయినా అడిగేవాడు లేకపోతే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది. ఇచ్చింది చాలకపోతే బాధితుడే అప్పీలుకు వెళ్ళే హక్కు కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు.

కొట్టినవాడు దొరక్కపోతే? నంబరు ప్లేటు చూసేలోపే పోయాడనుకోండి. అప్పుడు 396వ సెక్షన్ కింద బాధితుల పరిహార పథకం ఉంది. ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది. తక్షణ వైద్యానికి మధ్యంతర సాయం ఇప్పించే అధికారం కూడా ఆ సంస్థకు ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. ఇవన్నీ కాక మూడేళ్ళలోపు సివిల్ దావా దారి కూడా ఉంది, కానీ కోర్టు ఫీజు, ఏళ్ళ తరబడి తిరుగుళ్ళు చూసుకుని దిగాలి.

మనకు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఉంగుటూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. రోజూ పనికి పోయే ఊరు పక్క జిల్లా అయింది. గొడవ అక్కడ జరిగితే ఇక్కడి స్టేషన్‌లో ‘మాది కాదు’ అనొచ్చు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్ఐఆర్ అంటారు దాన్ని. నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితుడికి తెలియజేయాలి కూడా.

ఒక మాట మన కుర్రవాళ్ళకు. గొడవైన గంటలో ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి, కొట్టినవాడి పేరేమిటి, తిన్నవాడి పేరేమిటి అని వెతికి దానికి మతం రంగు పూస్తారు. ఇటు నుంచీ పూస్తారు, అటు నుంచీ పూస్తారు. దానివల్ల దెబ్బ తిన్నవాడికి ఒక్క రూపాయి రాదు, సాక్ష్యం చెప్పాల్సిన పక్క కొట్టువాడు మాత్రం భయపడి వెనక్కి పోతాడు. ఆ కొట్టువాడు మనవాడు కాకపోవచ్చు. దెబ్బ తిన్నవాణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది అతనే కావచ్చు. వీడియో ఉంటే అసలు ఫైలు చెరపకుండా ఉంచి పోలీసులకు ఇవ్వండి. పెట్రోలు బంకులు, టోల్‌గేటు, షాపుల కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది వచ్చి పడుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే వాటిని భద్రపరచమని పోలీసులకు రాతపూర్వకంగా అడగాలి.

రాజీ వద్దని మేము అనడం లేదు. మామూలు దెబ్బల కేసును బాధితుడు తన ఇష్టంతో రాజీ చేసుకోవచ్చు, ఎముక విరిగిన కేసుకు కోర్టు అనుమతి కావాలి. వైద్యం పూర్తయ్యాక, బిల్లులన్నీ కూడాక, పోయిన కూలి లెక్క వేశాక, బాధితుడు నోటితో ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. పెద్దమనుషులను మేము కోరేది, ఆ రాత్రి కూర్చోవద్దని మాత్రమే.

ఇక దాతల ముందు కమిటీ పెడుతున్న ప్రతిపాదన. దెబ్బ తిన్న ఇంటికి తిండికీ వైద్యానికీ సాయం ఇప్పటిలాగే ఉంటుంది. అప్పుల్లో కూరుకున్నవాడు జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో ఒకడు, ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంది. దానితో పాటు, జకాత్ ముట్టుకోకుండా సాధారణ చందాల్లోంచి ఒక చిన్న మొత్తం వేరుగా పెట్టి, వూండ్ సర్టిఫికెట్, ఛార్జిషీటు నకళ్ళు, కోర్టు వాయిదాలకు బస్సు ఖర్చులు, ఇలాంటివాటికి వాడదాం. ఈ నిధి నుంచి ఇచ్చేది కర్జె హసనా. పరిహారం వస్తే తిరిగి ఇస్తారు, రాకపోతే మాఫీ. చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ళు కావాలి. ఆసుపత్రిలో పక్కన నిలబడి చీటీలో ఏం రాశారో చదివి వినిపించేవాళ్ళు, బిల్లులు తేదీల వారీగా ఫైలు కట్టేవాళ్ళు, ముఠా మేస్త్రీ దగ్గరకు పోయి హాజరు పుస్తకం మీద సంతకం తెచ్చేవాళ్ళు. రోజుకూలీకి జీతం చీటీ ఉండదు, ఆ హాజరు పుస్తకమే అతని ఆదాయానికి రుజువు.

పేర్లు ఇవ్వదలచినవారు జుమా నమాజు తర్వాత ఆఫీసులో కార్యదర్శిగారికి ఇవ్వండి. దీని మీద అభ్యంతరాలున్నవారు కూడా అక్కడే చెప్పండి. వచ్చే నెల కమిటీ సమావేశంలో నిర్ణయం తీసుకుంటాం, ఇన్షా అల్లాహ్.