యాప్‌లకూ ఊరి కట్టుబాటు

కారు పిలిపించే యాప్, గుమ్మం ముందుకు భోజనం తెచ్చే యాప్, వీధి కెమెరా... వీటి మీద 2004లో ఏర్పడిన మన నెల్లూరు నగరపాలక సంస్థకు అధికారం ఎంత? రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు పట్టణాలకు చెప్పిన 18 అంశాల్లో రోడ్లు, వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు ఉన్నాయి. డిజిటల్ సేవల ఊసు లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం క్యాబ్ యాప్‌లకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023 నాటి కేంద్ర చట్టం ఉంది. అలాగని నగరం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. యాప్ ఫోన్‌లోనే ఉన్నా, దాని బండి ఆగేది మన ట్రంకు రోడ్డు మీదే. ఆ చోటు మీద షరతు పెట్టవచ్చు.

కట్టడి చేస్తే కంపెనీలు వెళ్లిపోతాయని కొందరి భయం. 2017లో లండన్ రవాణా సంస్థ క్యాబ్ యాప్ ఉబర్ లైసెన్సు పొడిగించడానికి నిరాకరించింది. కంపెనీ పద్ధతులు మార్చుకుంది. మరుసటి ఏడాది కోర్టు షరతులతో 15 నెలల లైసెన్సు ఇచ్చింది. ఉబర్ ఊరు విడిచిపోలేదు. చిన్న నగరానికి నిపుణులెక్కడ అన్నది మరో ప్రశ్న. నగరం పరీక్షించాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు. బండ్లు ఎక్కడ ఆగాలి, నగరం పెట్టిన కెమెరా దృశ్యాలు ఎవరు చూడవచ్చు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి అన్నవి తేల్చితే చాలు. తుపాన్లు తాకే తీరం మనది. హెచ్చరిక ఉన్న రోజున డెలివరీలు ఆపాలన్న నియమాన్నీ జిల్లా యంత్రాంగంతో కలిసి ఆలోచించాలి. ఈ నియమాలు రాసే ముందు డ్రైవర్లనూ, డెలివరీ కుర్రాళ్లనూ, వాడకందార్లనూ అడగాలి. అడగమని మన వార్డు ప్రతినిధికి చెప్పాల్సింది మనమే.